గజాయం తొట్టి

ఆ గురువారం ఉదయం నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. చోడి అంబలి తాగడం, ఎచ్చెర్ల దాకా నడిచి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళడం, పటాలు కట్టే చినబాబు కొట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు అద్దాల తొట్టి ఒకటి చేయించడం, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చి ఎడ్లకు గడ్డి వెయ్యడం. ఇందులో తప్పు జరగడానికి చోటేమీ లేదు. ఉదయం పూట పథకాలన్నీ అలాగే కనిపిస్తాయి.

తొట్టి దేనికంటే సముద్రపు చేపల్ని పెంచడానికి. చేపలు దేనికంటే బావ నోరు మూయించడానికి.

బావ అంటే అక్క తాయారు మొగుడు నారాయణమూర్తి. సాలూరులో రెండు లారీలున్న మనిషి. నరసింగరావు ఇంట్లో ఆయన సలహా తగలని వస్తువు లేదు. గేదెను ఎటు తిప్పి కట్టాలో, గడ్డివాము ఏ మూల వెయ్యాలో, చివరికి చుట్టను ఏ చివర అంటించుకోవాలో కూడా ఆయనే చెబుతాడు. చెప్పినంత మాత్రాన బాధ లేదు. చెప్పింది చెప్పినట్టే జరుగుతుంది, అదీ బాధ. పోయినేడు "ఆ మూల వాము ఎయ్యకురా, సెద పట్టేస్తాది" అన్నాడు. పట్టేసింది. ఒక్కసారైనా తప్పు చెప్పి ఉంటే నరసింగరావు ఆ బావను నెత్తిన పెట్టుకునేవాడు.

మొన్న దసరాకు సాలూరు వెళ్తే, బావ ముందుగదిలో నీళ్ళు పోసిన గాజుబుడ్డి, అందులో కలకత్తా నుంచి లారీలో దిగిన రెండు ఎర్రచేపలు కనిపించాయి. వచ్చిన ప్రతివాడూ వంగి చూడడం, ఆహా అనడం. నరసింగరావుకు ఒళ్ళు మండింది.

"ఇయ్యేటి సేపలు బావా? మా సంద్రం రాళ్ళల్లో ఉన్నాయి సేపలంటే. పసుపు సారలు, నీలం తోకలు. సూసినావంటే నోరు తెరుస్తావు."

"సంద్రం సేప అద్దంలో బతకదురా."

"బతికితే?"

"బతికితే నీ ఇంటి యవ్వారంలో ఈ జన్మకి నోరిప్పను. మాఘ పున్నమికి మీ ఊరొస్తాను. ఆయేల నీ ఇంట్లో, గాజులో, సంద్రం నీళ్ళల్లో, సేప తిరుగుతా కనిపించాల. కనిపించకపోతే మాత్రం ఏడాది పొడుగూ నాను సెప్పింది నువ్వు ఎదురాడకుండా సెయ్యాల. మొట్టమొదట ఆ జీడితోట కొట్టించి సెనగ ఎయ్యాల."

జీడితోట తండ్రి నాటింది. ఇసకనేలలో ఒక్కొక్క మొక్కకూ కడవతో నీళ్ళు మోసి బతికించింది. అది బావ నోటికి పోతుందనుకుంటే నరసింగరావుకు ముద్ద దిగేది కాదు. పున్నమి ఇంకా పన్నెండు రోజులుంది.

శ్రీకాకుళంలో చినబాబు కొలతలు విని తల అడ్డంగా తిప్పాడు.

"దేముడి పటమైతే నాను కడతాను బాబూ. నీళ్ళు నిలబడే సట్రం నా వల్ల కాదు. మీ ఊరి వడ్రంగి సేత టేకు సట్రం సేయించి తే, అద్దాలు నాను బిగిస్తాను."

అంత మాత్రానికి పథకం పాడైనట్టు కాదు. ఒకరోజు ఆలస్యం, అంతే. నరసింగరావు తిరిగొచ్చి అసిరయ్య వడ్రంగి దగ్గర కూర్చున్నాడు. అసిరయ్య పనిమంతుడు. ఊళ్ళో అతను నిలబెట్టిన ఇళ్ళలో ఒక్కటీ పడలేదు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే అతనే గుర్తు చేస్తాడు.

"రెండడుగులు, అడుగు" అన్నాడు నరసింగరావు.

అసిరయ్య బొగ్గుముక్క తీసి బల్లచెక్క మీద గీకాడు. "ఇరవైనాలుగు అంగుళాలు, పన్నెండు అంగుళాలు. ఇందులో పేణమున్నది ఉంటాదా?"

"సేపలు."

"అయితే ఇల్లే గదా బాబూ. ఇల్లన్నాక ఆయం సూడాల."

పొడవును వెడల్పుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. ఒకటి మిగిలితే జెండా, నాలుగైతే కుక్క, అయిదైతే ఎద్దు, ఏడైతే ఏనుగు. ఏమీ మిగలకపోతే కాకి. ఆ ఊళ్ళో పశువులశాలకు కూడా ఇది చూడకుండా గుంజ పాతరు. అసిరయ్య హెచ్చవేశాడు, భాగించాడు, బొగ్గు కింద పెట్టేశాడు.

"కాకాయం. సేపలింటికి కాకాయం! కాకిని తెచ్చి కాపలా పెట్టినట్టే."

"ఓ అంగుళం పెంచీరాదా?"

"ఇరవయ్యయిదు... కుక్క. ఇరవయ్యారు... మళ్ళీ కాకి. ఇరవయ్యేడు... మళ్ళీ కుక్క." అసిరయ్య నిట్టూర్చాడు. "పన్నెండు ఎడల్పు ఉన్నంతసేపు కాకీ కుక్కా తప్ప మూడోది రాదు బాబూ."

"పదమూడు సెయ్యి."

"ఇరవయ్యయిదు పదమూళ్ళు... ఎద్దు."

"ఎద్దు మంచిదే గదా!"

"ఎడ్లశాలకి మంచిది. ఎద్దు నీళ్ళు తాగుతాది గాని నీళ్ళల్లో కాపరం ఉంటాదేటి? ఏనుగైతే నీళ్ళల్లో ఆడుకుంటాది." ఇంకాసేపు గీకాడు. "ఇరవయ్యయిదు, పదిహేను. గజాయం! దొరికినాది."

నరసింగరావు లేచి పంచె దులుపుకున్నాడు. అసిరయ్య లేవలేదు. నక్షత్రం చూడాలన్నాడు. అదే అంకెను ఎనిమిదితో హెచ్చవేసి ఇరవయ్యేడుతో భాగిస్తే నక్షత్రం వస్తుంది. చూస్తే మూడు మిగిలింది. అశ్విని, భరణి, కృత్తిక.

"కృత్తిక! అగ్గి నక్షత్రం. నీళ్ళింటికి అగ్గి పెడతావా?" అసిరయ్య చెంపలేసుకున్నాడు. "ఇంటికి యజమాని ఎవరు? సేప. సేపది ఏ రాశి? మీనం. మీనానికి రేవతి ఉంది గదా, ఇంక ఎతుకుడెందుకు? రేవతి రావాల, గజాయం రావాల. తగ్గించి సూడకూడదు, ఒంశం తగ్గిపోద్ది. పెంచే సూడాల."

పెంచుతూ పోయాడు. బల్లచెక్క నిండితే తలుపురెక్క మీద గీకాడు. పొద్దు వాలేవేళకు కేకేశాడు.

"నలభయ్యయిదు, ఇరవయ్యేడు! రేవతీ నచ్చత్రం, గజాయం. ఎత్తు రెండడుగులు పెట్టుకో. నీ సేపకి ఇంక తిరుగు నేదు."

నరసింగరావు ఆ రెండంకెల్నీ మనసులో చేతులు చాచి కొలుచుకున్నాడు. ఆవుదూడ పడుకోవచ్చు. కాని ఆయం కుదిరాక కొలత మార్చమనే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికుంది?

చట్రాన్ని బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్తే చినబాబు చూసి చేతిలో కొలబద్ద పక్కన పెట్టేశాడు. అంత పెద్ద దానికి పటాల అద్దం పనికిరాదని, ఎత్తేసిన మిఠాయికొట్టు బీరువా అద్దాలు మందంగా ఉంటాయని చెప్పి, వాటిని వెతికి తెచ్చి బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. తిరిగొస్తుంటే దారిలో ప్రతి ఊరివాళ్ళూ "మిఠాయికొట్టు ఎప్పుడు తెరుస్తన్నావు?" అని అడిగినవాళ్ళే. మొదటి ముగ్గురికి కాదని చెప్పాడు. తరువాతి వాళ్ళకు ఉగాదికి అని చెప్పాడు.

చేపలవేట చేసే పోతురాజు వచ్చి, పడవలకు పూసే గుగ్గిలం కాచి అతుకులకు పూశాడు. పూస్తూ తొట్టి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది సరిపోద్దా పోతురాజూ?" అని అడిగాడు నరసింగరావు.

"సేపకి పెద్దదీ సిన్నదీ తెల్దు బాబూ. ముక్కు అద్దానికి కొట్టుకున్నప్పుడు తెలస్తాది."

తొట్టిని ఇంట్లోకి మోసుకెళ్ళబోతే ద్వారం అడ్డం వచ్చింది. ద్వారం వెడల్పు సరిగ్గా రెండడుగులు. తొట్టిని నిలువుగా తిప్పినా, పక్కగా తిప్పినా, చట్రంతో కలిపి రెండడుగులకు పైనే. నలుగురు మనుషులు దాన్ని భుజాల మీద పెట్టుకుని గుమ్మంలో గిరగిరా తిరుగుతుంటే, అసిరయ్య మాత్రం గోడ మీద బొగ్గుతో ఏదో గీకుతున్నాడు.

"సిత్రం బాబూ" అన్నాడు. "ఇరవయ్యేడు పొడుగు, పదమూడు ఎడల్పు పెట్టినా గజాయమే, రేవతే వస్తాది."

నరసింగరావు భుజం మీద బరువుతోనే తల తిప్పాడు. "అది గుమ్మంలో పట్టును గదా! మరి ఆయేల సెప్పలేదేటి?"

"ఎతుకుతుంటే నలభయ్యయిదే ముందు దొరికినాది."

నరసింగరావు భార్య దేముడమ్మ లోపలి నుంచి చూస్తూ ఉంది. "ద్వారం కొట్టించీరాదా? దానికీ ఆయం సూసి ఏనుగు పట్టేలాగ పెట్టిస్తాడు అసిరయ్య" అంది.

చివరికి తొట్టి వీధి అరుగు మీద, చూరు నీడన, అంచు వారగా కూర్చుంది. మట్టి అరుగు. ఏటేటా అలికి అలికి నున్నబడిన అరుగు.

తరువాత నీళ్ళు. కొత్త కడవలు నలభై కొని, బండిలో గడ్డి పరిచి, నాలుగు మైళ్ళ ఇసకదారిలో సముద్రం దాకా రెండు తడవలు. తొట్టికి ముప్పై కడవలు పట్టాయి. మిగతా పది శాలలో నీడన పెట్టాడు. పున్నమి ముందురోజు పోతురాజు అయిదు చేపల్ని తెచ్చాడు. మూడింటికి పసుపు చారలు, రెండింటికి నీలం తోకలు. వాటితో పాటు గవ్వలు, నాచు, ఊపిరి పీలుస్తున్నట్టు ముడుచుకుని విచ్చుకునే పూల్లాంటివి అంటుకున్న రాయి కూడా తెచ్చి అడుగున పెట్టాడు. చేపలు రాతి చుట్టూ ఒక చుట్టు తిరిగాయి, చారల మీద ఎండ పడింది. నరసింగరావు అరుగు కింద గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాడు. బావ సంగతి కూడా ఒక ఘడియసేపు మరిచిపోయాడు.

వీధి వీధంతా వచ్చి చూసింది. వచ్చినవాళ్ళలో పెద్దమ్మ జగ్గమ్మ కూడా ఉంది. ఆమె నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"నికార్సయిన సంద్రమే" అంది. "రేపు పున్నమి తానానికి బండి ఎన్ని గంటలకు కడతావురా నరసింగా?"

ఏటా మాఘ పున్నమికి వీధిలో ముసలమ్మలందరినీ సముద్రస్నానానికి తీసుకెళ్ళేది నరసింగరావు బండే.

"ఈయేడు కాదు పెద్దమ్మా. ఎడ్లు రెండు తడవలు ఇసకలో లాగి మెడలు కొట్టుకుపోనాయి."

జగ్గమ్మ కోప్పడలేదు. తొట్టి వైపు ఒకసారి చూసి, "సరేలే నాయనా" అని వెళ్ళిపోయింది. ఆమె అంత తేలిగ్గా ఎప్పుడూ సరే అనదని నరసింగరావుకు తట్టి ఉండవలసింది.

పున్నమినాడు తెల్లవారకముందే అతను దేముడమ్మను కూడా తీసుకుని ఎడ్లను కడగడానికి వాగుకు వెళ్ళాడు. ఎండ ఎక్కేవేళకు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు బురద. బురదలో ముప్పైమంది ఆడవాళ్ళు, అందరూ తలదడిసినవాళ్ళే. ఒకామె అరుగెక్కి తొట్టిలో చెంబు ముంచి గోవిందా అని నెత్తిన పోసుకుని దిగుతోంది, ఇంకొకామె ఎక్కుతోంది. తొట్టిలో నీళ్ళు జానెడు కూడా లేవు. ఉన్న నీళ్ళు పచ్చగా ఉన్నాయి. గంగమ్మతల్లికి పసుపూ కుంకుమా వెయ్యకుండా ఎవరు మునుగుతారు? పైన అరటిదొప్పలో దీపం ఒకటి తేలుతోంది.

"ఓలమ్మా, ఏటిది!" అని అరిచాడు నరసింగరావు.

"బండి రానంటే సంద్రమే మన ఈదికొచ్చినాది బాబూ. మీ అమ్మ కడుపు సల్లగుండ" అంది చెంబు చేతిలో ఉన్న లక్ష్మణమ్మ.

"నీళ్ళు అయిపోతన్నాయి గదే!"

"సంద్రం అయిపోద్దేటి? కొలత కట్టడానికి అదేటి సోళ్ళ బస్తానా?"

అతను అరుగెక్కి పసుపునీళ్ళలో రెండు చేతులూ పెట్టి దేవాడు. రాయి తగిలింది. చేప తగల్లేదు. రాయి ఎత్తి కింద చూశాడు. లేదు.

"సేపలేవి? ఎవులి సెంబులో ఎల్లిపోనాయి?"

ఆడవాళ్ళు ఒకరి చెంబులోకి ఒకరు చూసుకున్నారు. లక్ష్మణమ్మ తన కొప్పు విప్పి దులిపింది. మిగతావాళ్ళూ దులిపారు. అసిరయ్య పరుగెత్తుకొచ్చి మురుగుకాలవ పొడవునా కర్రతో వెతికాడు. ఒక కప్ప దొరికింది. అప్పుడే వీధి మలుపులో, తెల్లపంచె అంచు బురద అంటకుండా ఎత్తిపట్టుకుని, నారాయణమూర్తి వస్తూ కనిపించాడు.

ఆయన ఆడవాళ్ళను చూశాడు. పచ్చటి తొట్టిని చూశాడు. మోచేతుల దాకా పసుపైన బామ్మర్దిని చూశాడు. ఎదురరుగు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"పేరంటమేటిరా?"

నరసింగరావు పసుపు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"సేప నేదా? పోన్లే, బాధపడకు. నానెందుకున్నాను?" అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. "ముందు తొట్టి పొడుగు సూడు. ఏనుగుని కడగడానికా ఇది? రెండడుగులు సాలును. అరుగు మీద ఎవుడు పెట్టమన్నాడు? ఇంట్లో ఉంటే ఈ ముసిలోల్లు వచ్చునా? ఆ సూరు సూడు, తాటాకు మార్సాల. ఆ ఎడ్ల మెడలకి వేపనూనె రాయాల. రేపే కూలోల్ని పిలు, జీడితోట తూరుపుపక్క నుంచి కొట్టుకురావాల. మొదుళ్ళు..."

తూర్పుపక్క చెట్లే తండ్రి మొదట నాటినవి. నరసింగరావు కళ్ళు నేల మీదకు దించుకున్నాడు.

"ఏటిరా, మీ బావ అప్పుడే వచ్చీసినాడా?" అంటూ జగ్గమ్మ పొడిచీర కట్టుకుని తన ఇంట్లోంచి వచ్చింది. అందరూ ఇంకా కొప్పులు దులుపుకోవడం చూసి ఆగింది. "ఏటి పోనాది?"

"సేపలు పోనాయి పెద్దమ్మా."

"ఎక్కడికి పోతాయిరా? అందరికన్నా ముందొచ్చి నానే తీసి పెట్టినాను. పేణమున్నదాన్ని సెంబుతో నెత్తిమీద పోసుకుని సంపితే పున్నెమేనా? మీ గాదె మీద ఉన్నాయి సూడండి."

దేముడమ్మ లోపలికి పరుగెత్తి వెడల్పు మూతి గాజుసీసా రెండు చేతులా పట్టుకుని వచ్చింది. నిండా సముద్రపు నీళ్ళు. అందులో అయిదు చేపలు, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ, తోకలాడిస్తూ తిరుగుతున్నాయి.

"నా జంతికల సీసా!" అంది దేముడమ్మ. "అన్నయ్య వస్తారని రెండు మానికల పిండితో ఒండినాను. అయ్యేయి?"

"గేదె తినీసినాది. బాగా కరకరలాడినాయి" అంది జగ్గమ్మ.

నారాయణమూర్తి నోరు "మొదుళ్ళు" దగ్గర తెరిచి ఉంది. సీసా వైపు వంగి చూశాడు. గాజు. నాలుగు చుక్కలు చేతిలో పోసుకుని నాలిక మీద వేసుకున్నాడు. సముద్రం. లెక్కపెట్టాడు. అయిదు. నోరు మెల్లగా మూసేశాడు.

జీడితోట దక్కింది. నరసింగరావుకు కడుపు నిండిపోయింది. కాని ఘడియ గడిచాక ఏదో వెలితిగా అనిపించింది.

"ఎలాగున్నాయి బావా? నీలం తోకలు సూసినావా?"

బావ చూశాడు. మాట్లాడలేదు.

"మీ కలకత్తా సేపలకన్నా బాగున్నాయా, నేదా?"

బావ ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆయన మాట ఇచ్చాడు, అంతే. భోజనంలో దేముడమ్మ "పులుసులో ఉప్పు సరిపోయినాదా అన్నయ్యా?" అంటే కూడా విస్తరి వైపే చూస్తూ తిన్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. గేదె కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

నరసింగరావుకు తోచలేదు. సీసాలో ఇరుక్కున్న చేపలు కాదు, ఆ పెద్ద తొట్టిలో చారల మీద ఎండ పడుతుండగా రాతి చుట్టూ తిరిగే చేపల్ని చూస్తే బావ 'ఆహా' అనకుండా ఉండలేడనిపించింది. ఒక్క ఆహా చాలు. పసుపునీళ్ళు తోడించి, తొట్టి కడిగించి, శాలలో మిగిలిన పది కడవలూ తెప్పించాడు. అసిరయ్య అందిస్తుంటే తను పోస్తున్నాడు.

నారాయణమూర్తి ఎదురరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన చూపు చేపల మీద లేదు. అరుగు అంచు మీద ఉంది. తెల్లవారినప్పటి నుంచి ముప్పైమంది స్నానం నీళ్ళన్నీ ఆ మట్టిలోకే ఇంకాయి. మూడో కడవకు అంచు వేలెడు దిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. నాలుగో కడవకు దగ్గాడు. అయిదో కడవకు లేచి నిలబడి చెయ్యెత్తి, మళ్ళీ దించి కూర్చున్నాడు.

"ఏటండీ, అన్నయ్య ఏటో సెప్పాలని సూస్తన్నారు" అంది దేముడమ్మ.

"సెప్పడు. మాటిచ్చినాడు" అన్నాడు నరసింగరావు గర్వంగా. "అది కుళ్ళు దగ్గు. నువ్వు అందించు అసిరయ్యా."

ఏడో కడవకు అరుగు అంచు పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడు చేసి వీధిలోకి జారింది. తొట్టి దానితో పాటు ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి, తలకిందులుగా దిగింది. మిఠాయికొట్టు అద్దాలన్నీ ఒక్కసారే పలికాయి. నీళ్ళు వీధికి అడ్డంగా పరుగెత్తి, పొడిచీర కట్టుకుని వస్తున్న జగ్గమ్మను మోకాళ్ళ దాకా తడిపాయి.

"మళ్ళీ తానమేటిరా!" అంది ఆమె.

సీసా దేముడమ్మ చేతుల్లోనే ఉంది కాబట్టి చేపలకు ఏమీ కాలేదు. నరసింగరావు ఖాళీ కడవ పట్టుకుని బావ వైపు తిరిగాడు.

"సూస్తా కూకున్నావా బావా! జారిపోతాదిరా అని ఒక్క ముక్క సెప్పకూడదా?"

నారాయణమూర్తి అతని వైపు ఎంతో దయగా చూశాడు. తరువాత వేలు ఎత్తి, సీసాలో తిరుగుతున్న అయిదు చేపల్ని చూపించాడు.

సాయంత్రం పోతురాజు వచ్చి చేపల్ని సముద్రానికి తీసుకుపోయాడు. అసిరయ్య విరిగిన చట్రం చూసి, అరుగు తను కట్టింది కాదని నలుగురికీ చెప్పాడు. బావను బస్సు దాకా సాగనంపడానికి నరసింగరావు వెంట నడిచాడు. ఎచ్చెర్ల దాకా, ఒక్క సలహా కూడా లేకుండా. దారిలో పడిపోయిన గట్టు ఒకటి కనిపిస్తే ఆగి, ఏమైనా అంటాడేమోనని చూశాడు. బావ గట్టు దాటుకుని ముందుకు పోయాడు. బస్సు కదిలేముందు కిటికీలోంచి చెయ్యి మాత్రం ఊపాడు.

ఊరు చేరగానే క్షేమంగా వచ్చానని కార్డు రాయడం నారాయణమూర్తికి అలవాటు. నాలుగో రోజున కార్డు వచ్చింది. నరసింగరావు దాన్ని రెండు వైపులా తిప్పి, వెలుతుర్లో పెట్టి కూడా చూశాడు. చిరునామా తప్ప ఒక్క అక్షరం లేదు.